అంటరాని చేతికి హస్తవాసి: సిద్ధ వైద్యుడు అయోతీదాస్ పండితర్

చెన్నై శివారు తాంబరం శానటోరియంలో కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ సిద్ధ వైద్య సంస్థ ఉంది. సిద్ధ వైద్యంలో ఎం.డి. చేసే డాక్టర్లు అక్కడ శిక్షణ పొందుతారు. ఆ సంస్థకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రి పేరు అయోతీదాస్ పండితర్ ఆసుపత్రి. ఓపీ చీటీ కోసం పొద్దున్నే క్యూలో నిలబడే జనంలో ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్లు కొద్దిమందే ఉంటారు. మన తెలుగు నేల మీద ఇంకా తక్కువ. తెలిసినవాళ్లు కూడా ఆయన్ను బౌద్ధం తీసుకున్న తొలితరం దళిత నాయకుడిగా, పత్రికా సంపాదకుడిగా గుర్తుపెట్టుకున్నారు. ఆయన బతుకుతెరువు మాత్రం వైద్యం. ఊరు అంటరానిదని వెలివేసిన కులంలో పుట్టి, అన్ని కులాలవాళ్ల చెయ్యి పట్టుకుని నాడి చూసిన మనిషి ఆయన. ఆ విద్య ఆయనకు ఎలా అబ్బింది, ఆయన పోయాక అది ఎవరి చేతుల్లోకి వెళ్లింది అన్నది మనం తెలుసుకోవాల్సిన కథ.

ఆయన 1845 మే 20న పుట్టారు. పరయ్యర్ కులం. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాత్తవరాయన్. తమిళ దళిత వాడల్లో కాత్తవరాయన్ దేవుడు. బ్రాహ్మణ యువతిని ప్రేమించినందుకు కొరత వేయబడ్డ జానపద వీరుడు. బిడ్డకు ఆ పేరు పెట్టుకున్న ఇల్లు మామూలు ఇల్లు కాదు. తాత కందప్పన్ జార్జ్ హారింగ్టన్ అనే ఇంగ్లీషు దొర దగ్గర బట్లరుగా పనిచేశారు. దొర ఇంట్లో వంట చూసుకునే ఆ మనిషి సొంతింట్లో తాటాకు గ్రంథాలు కట్టలు కట్టి ఉండేవి. వాటిలో తిరుక్కురళ్ ప్రతి ఒకటి ఉంది. కందప్పన్ దాన్ని తన దొర ద్వారా ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్‌కు అందజేశారు.

ఈ ఎల్లిస్ మనకు పరాయివాడు కాదు. మద్రాసు కలెక్టరుగా ఉంటూ 1812లో సెయింట్ జార్జి కోట కళాశాలను నెలకొల్పినవాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం కడుపున పుట్టిన భాషలు కావనీ, అవి వేరే కుటుంబమనీ మొదట రుజువులు చూపించినవాడు. ఆ రుజువులు అచ్చయింది 1816లో వచ్చిన కాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా. మన పాఠాల్లో ఆ గౌరవమంతా నలభై ఏళ్ల తర్వాత రాసిన కాల్డ్వెల్‌కు దక్కింది, అది వేరే సంగతి. ఎల్లిస్ చేతికి కురళ్ ప్రతి ఇచ్చింది ఒక పరయ్యర్ బట్లరు అన్న మాటైతే పాఠ్యపుస్తకాల్లో అసలే కనబడదు. దళితులకు అక్షరం మిషనరీలతోనే వచ్చిందనే మాట మనవాళ్ల నోట కూడా వింటుంటాం. కందప్పన్ ఇంటి అటక ఆ మాటను ఒప్పుకోదు. ఆ ఇంట్లో సాహిత్యం ఉంది, జ్యోతిషం ఉంది, వైద్యం ఉంది. మనవడికి ఆ మూడూ వచ్చాయి.

కాత్తవరాయన్ చదువు బడిలో కంటే గురువు దగ్గరే ఎక్కువ సాగింది. గురువు పేరు అయోత్తిదాస కవిరాజ పండితర్. ఆయన దగ్గర తమిళ సాహిత్యం, తాత్వికత, సిద్ధ వైద్యం నేర్చుకున్నారు. సంస్కృతం, పాళీ, ఇంగ్లీషు కూడా పట్టుబడ్డాయి. గురువు మీది భక్తితో తన పేరు వదిలేసి గురువు పేరే పెట్టుకున్నారు. అలా కాత్తవరాయన్ అయోతీదాస్ అయ్యారు. తర్వాతి రోజుల్లో రాముడినీ పురాణాలనూ నిలదీసిన మనిషి అయోధ్య దాసుడన్న పేరుతోనే చివరిదాకా బతకడం చూస్తే మనకు నవ్వు వస్తుంది. ఆయన మాత్రం ఆ పేరు మార్చుకోలేదు. అది గురువు ఇచ్చిన విద్యకు కట్టిన పేరు.

ఆ కాలంలో సిద్ధ వైద్యం నేర్వడమంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. కాలేజీ లేదు, పట్టా లేదు. అగస్త్యుడు, బోగర్, తేరయ్యర్ లాంటి సిద్ధుల పేర్ల మీద ఉన్న తమిళ పద్యాలు శిష్యుడు కంఠతా పట్టాలి. పద్యం వచ్చినంత మాత్రాన మందు రాదు. మూలికల పేర్లు, ఖనిజాల పేర్లు ఆ పద్యాల్లో మారుపేర్లతో ఉంటాయి. ఏ మాటకు ఏ ఆకు, ఏ రాయి అన్నది గురువు చెబితేనే తెలుస్తుంది. అందుకే తాటాకు దొరికినవాడల్లా వైద్యుడు కాలేడు. శిష్యుడు గురువు వెంట పొలం గట్లు, గుట్టలు తిరిగి ఆకు గుర్తుపట్టాలి. పాదరసం, గంధకం లాంటివి శుద్ధి చేయడం నేర్వాలి. అది ప్రాణాలతో చెలగాటం, ఒక్క పుటం తప్పితే మందే విషమవుతుంది. సిద్ధంలో లోపలికి ఇచ్చే మందులు 32 రకాలు, పైపూతలూ కట్లూ కలిపి బయటి వైద్యం 32 రకాలు. కషాయం కాచిన మూడు గంటల్లో తాగించాలి, చూర్ణం మూడు నెలలు నిలుస్తుంది, భస్మం వందేళ్లయినా పనిచేస్తుందని లెక్క. ఇదంతా ఏళ్ల తరబడి పక్కనుండి చేసి నేర్చుకునే పని.

ఇక రోగిని చూసే పద్ధతి. వాతం, పిత్తం, కఫం ఎక్కడ తప్పాయో తేల్చడానికి సిద్ధ వైద్యుడు ఎనిమిది పరీక్షలు చేస్తాడు. నాడి, స్పర్శ, నాలుక, రంగు, మాట, కన్ను, మలం, మూత్రం. మొదటిది మణికట్టు పట్టుకుంటే గానీ తెలియదు. రెండోదాని పేరే స్పర్శ. ఒళ్లు వేడిగా ఉందా చల్లగా ఉందా, పొడిబారిందా చెమట పట్టిందా అని తాకి చూడాలి. తాకకూడని మనిషి అని ముద్ర వేసిన కులం నుంచి వచ్చిన వైద్యుడికి తాకడమే వృత్తి అయింది. రోగం ముదిరినప్పుడు మడి ఎక్కడ ఆగుతుందో ఈ వృత్తి చేసినవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలుగులో వైద్యుడికి హస్తవాసి ఉందని అంటాం. ఆ హస్తం ఎవరిదని జ్వరంతో పడుకున్నవాడు అడగడు, లేచి కూర్చున్నాక అడుగుతాడు.

మన ఊళ్లలోనూ ఇదే జరిగింది. కాన్పు చేసి బొడ్డు కోసిన మంత్రసానులు ఎక్కువగా దళిత, సేవక కులాల ఆడవాళ్లే. కురుపు కోసి కట్టు కట్టిందీ, చెడు రక్తం తీసిందీ మంగలివాళ్లు. పెద్దింటి బిడ్డను భూమ్మీద మొదట పట్టుకున్న చేతులే పదకొండో రోజు పురుడు కడిగాక ఆ గడప బయట నిలబడ్డాయి. ఆ చేతులకు తెలిసినది ఎవరూ వైద్యమని రాసిపెట్టలేదు. అయోతీదాస్‌కూ మన మంత్రసానికీ తేడా ఒక్కటే. ఆయనకు రాయడం వచ్చు, తర్వాత సొంత పత్రిక కూడా వచ్చింది.

1870ల నాటికి ఆయన నీలగిరుల్లో ఉన్నారు. తాత పనిచేసిన కొండలే అవి. అక్కడ అద్వైతానంద సభ అని ఒకటి పెట్టారు. అప్పటికి ఆయన ఆలోచన ఇంకా హిందూ తాత్వికత లోపలే ఉంది, అద్వైతంలో అంతా ఒకటే అన్నప్పుడు కులం ఎక్కడిదని అడగవచ్చనే నమ్మకం ఉంది. తోడా లాంటి కొండజాతుల మధ్య కూడా తిరిగి పనిచేశారు. ఆ నమ్మకం ఎక్కువ కాలం నిలవలేదు. 1881 జనాభా లెక్కల నాటికే దళితులను హిందువుల్లో కలపొద్దనీ, ఈ నేల ఆదివాసులైన తమిళులుగా రాయాలనీ ఆయన అడిగారు. 1885లో రెవరెండ్ జాన్ రత్నంతో కలిసి ద్రావిడ పాండియన్ అనే పత్రిక నడిపారు. 1891లో ద్రావిడ మహాజన సభ పెట్టి ఊటీలో మహాసభ జరిపారు. అంబేడ్కర్ ఆ సంవత్సరమే పుట్టారు.

మరుసటి ఏడాది మద్రాసు మహాజన సభ సమావేశానికి నీలగిరుల ప్రతినిధిగా వెళ్లారు. పెద్ద పెద్ద వకీళ్లు కూర్చున్న సభ. అందరికీ చెందిన దేవుళ్లే అయితే శివాలయం, విష్ణ్వాలయంలోకి మావాళ్లను ఎందుకు రానివ్వరని అడిగారు. మీకు మీ గ్రామదేవతలు ఉన్నారు కదా అని జవాబు వచ్చింది. అయితే ఆ దేవుళ్లను మీరే ఉంచుకోండి, మా పిల్లలకు బడీ, మాకు బంజరు భూమీ ఇప్పించండని ఆయన తిరిగి అడిగారు. గుడి నుంచి బడికీ భూమికీ ఆ రోజు మారిన అడుగు మళ్లీ వెనక్కు పడలేదని మేం అనుకుంటాం.

ఈ రాజకీయమంతా నడిచింది వైద్యం మీద వచ్చిన సంపాదనతోనే. జమీ లేదు, ఉద్యోగం లేదు. మద్రాసు రాయపేటలో ఆయన వైద్యశాల. అక్కడికి వచ్చిన రోగుల్లో ఒక పిల్లవాడి కథ మనకు దక్కింది, ఎందుకంటే ఆ పిల్లవాడు పెద్దయ్యాక తన జీవిత కథ రాసుకున్నాడు. అతడు తిరు.వి.క.గా తమిళులందరికీ తెలిసిన తిరువారూర్ వి. కల్యాణసుందరం. 1883లో వెల్లాల కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలో కాళ్లు చచ్చుబడిపోయి చదువు కూడా ఆగిపోయింది. పండితర్ మందులతో లేచి నడిచాడు. ఆ కాళ్లతోనే తర్వాత మద్రాసు మిల్లు కార్మికుల మధ్య తిరిగాడు. 1918లో పుట్టిన మద్రాసు లేబర్ యూనియన్ నాయకుల్లో ఒకడయ్యాడు. దేశంలో పద్ధతిగా ఏర్పడిన తొలి కార్మిక సంఘంగా దాన్ని చెబుతారు. తిరు.వి.క. తన వైద్యుడి పేరు దాచకుండా రాశాడు కాబట్టి సరిపోయింది. దళిత వైద్యుల చేతుల్లో బతికి, ఆ పేరు ఎక్కడా ఎత్తకుండా పోయినవాళ్లు ఎంతమందో.

1898లో పండితర్ దివ్యజ్ఞాన సమాజపు కల్నల్ ఆల్కాట్‌ను కలిశారు. ఆల్కాట్ అప్పటికే అడయారులో పంచముల పిల్లలకు ఉచిత బడి పెట్టి నాలుగేళ్లయింది. ఆయన సాయంతో సిలోన్ వెళ్లి కొలంబోలో సుమంగళ నాయక థెరో దగ్గర పంచశీల స్వీకరించారు. తిరిగొచ్చి రాయపేటలో శాక్య బౌద్ధ సంఘం స్థాపించారు. నాగపూర్ దీక్షకు అది 58 ఏళ్ల ముందు మాట. పరయ్యర్లు పూర్వం బౌద్ధులనీ, బౌద్ధం వదలనందుకే వాళ్లను ఊరి బయటకు తోశారనీ ఆయన వాదించారు. కోలార్ బంగారు గనుల్లోని కార్మికుల్లో, రంగూన్‌లో, దక్షిణాఫ్రికాలో కూడా సంఘం శాఖలు లేచాయి. మద్రాసు సంఘంలో రసాయన శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ పోకల లక్ష్మీనరసు పనిచేశారు. లక్ష్మీనరసు 1907లో బౌద్ధం మీద రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని 1948లో ముందుమాట రాసి మళ్లీ అచ్చు వేయించింది బాబాసాహెబే.

1907 జూన్ 19న ఒరు పైసా తమిళన్ మొదటి సంచిక వచ్చింది. వెల ఒక పైసా, వారపత్రిక. ఏడాది తిరిగాక తమిళన్ అని పేరు మార్చారు. కూలివాళ్లు కొనగలిగే వెల పెట్టి, అందులో చరిత్ర, సాహిత్యం, రాజకీయం, బౌద్ధం ఆయనే రాశారు. అప్పుడు దేశమంతా స్వదేశీ ఊపు మీద ఉంది. పక్కవాడికి బావి నీళ్లు ఇవ్వనివాళ్లు స్వరాజ్యం అడగడంలోని వంకర ఆయనకు కనబడింది, వారం వారం రాశారు. బావమరిది రెట్టమలై శ్రీనివాసన్‌తో కూడా పడలేదు. శ్రీనివాసన్ పరయన్ అన్న పేరునే పత్రికకు పెట్టుకుని తలెత్తుకుందామన్నాడు. పండితర్‌కు ఆ పేరే అక్కర్లేదు, అది శత్రువు పెట్టిన పేరన్నారు. ఇద్దరి మాటలోనూ బలం ఉంది. ఆ గొడవ మన వాడల్లో ఇవాళ్టికీ తెగలేదు.

ఇక్కడ ఒక చేదు సంగతి దాటేయడం మాకు ఇష్టం లేదు. పరయ్యర్లను పడగొట్టబడ్డ జ్ఞానులుగా నిలబెట్టే క్రమంలో ఆయన మరికొన్ని కులాలను నిజంగానే తక్కువవాళ్లుగా రాశారు. చక్కిలియర్ల మీద, కురవర్ల మీద ఆయన రాతల్లో చిన్నచూపు ఉంది. చక్కిలియర్లంటే ఇవాళ అరుంధతీయులు. తమిళనాడులో చాలామంది ఇళ్లలో తెలుగు మాట్లాడే, మన మాదిగలకు దగ్గరైన జనం. అంటరానితనం లోపల మళ్లీ మెట్లు కట్టడం అంబేడ్కర్ కంటే ముందుతరం ఆలోచనకు ఉన్న హద్దు అని సర్ది చెప్పుకోవచ్చు. ఆ మెట్టు కింద నిలబడ్డవాళ్లకు ఆ సర్దుబాటు సరిపోదు. తమిళనాడు ప్రభుత్వం 2009లో ఎస్సీ కోటాలో అరుంధతీయులకు 3 శాతం వేరుగా కేటాయించాల్సి వచ్చింది. మెడికల్ సీట్లలో వాళ్ల పిల్లలు కాస్తయినా కనబడటం ఆ తర్వాతే మొదలైంది.

1914 మే 5న పండితర్ కన్నుమూశారు. వయసు 68. పత్రికను కొడుకు పట్టాభిరామన్ కొంతకాలం లాగాడు. తర్వాత కోలార్ గనుల బౌద్ధులు దాన్ని మళ్లీ లేపారు.

ఆయన పోయిన ఆ సంవత్సరమే మద్రాసు మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే, కాబట్టి మనకూ అదే చట్టం. ఇంగ్లీషు వైద్యం చదివినవాళ్ల పేర్లే ప్రభుత్వ జాబితాలోకి ఎక్కాయి. నాటు వైద్యులందరూ బయటే. దాని మీద ఆయుర్వేద పండితులు గట్టిగా లేచారు, వాళ్లకు సభలూ పత్రికలూ పలుకుబడీ ఉన్నాయి. జస్టిస్ పార్టీ ప్రభుత్వం మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన దేశీయ వైద్యాల మీద ఒక కమిటీ వేసింది. పానగల్ రాజా, అంటే మన పానుగంటి రామరాయణింగార్, ముఖ్యమంత్రిగా ఉండగా 1924లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల తెరిచారు. ఆయుర్వేదం, సిద్ధం, యునానీ మూడూ అక్కడ పాఠాలయ్యాయి. తాటాకు పద్యం సిలబస్ అయింది, గురువు లెక్చరరయ్యాడు. మంచిదే. కానీ సీటు కావాలంటే బడి చదువు ఉండాలి, ఫీజు ఉండాలి, అన్నేళ్లు సంపాదన లేకుండా కొడుకును పోషించే ఇల్లుండాలి. తరతరాలుగా ఆ వైద్యం చేసిన వాడల్లో ఆ మూడూ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

స్వాతంత్ర్యం తర్వాత 1964లో పాళయంకోట్టైలో ప్రభుత్వ సిద్ధ వైద్య కళాశాల వచ్చింది. 1970లో పార్లమెంటు భారతీయ వైద్య కేంద్ర మండలి చట్టం చేసింది, గుర్తింపు పొందిన డిగ్రీ ఉంటేనే వైద్యుడు. ఇప్పుడు సిద్ధ డిగ్రీలోకి రావాలన్నా నీట్ రాయాలి. 2018లో కేరళ పరంపర వైద్యుల కేసులో, డిగ్రీ లేకుండా వంశపారంపర్యంగా నేర్చుకున్న వైద్యం చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు మాటలో అర్థం లేకపోలేదు. పాదరసం శుద్ధి తెలియనివాడు భస్మం ఇస్తే మూత్రపిండాలు పోతాయి, ఆ నష్టం ఎక్కువగా పడేది డబ్బుల్లేక అలాంటివాళ్ల దగ్గరికి పోయే మన జనం మీదే. దొంగ వైద్యుణ్ని వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. కానీ గురువు దగ్గర మాత్రమే నేర్చుకున్న అయోతీదాస్ ఇవాళ బతికుంటే, తన పేరున్న ఆసుపత్రిలోనే ఓపీలో కూర్చోవడానికి అనుమతి ఉండేది కాదు.

ఆయన రాతలు దాదాపు ఎనభై ఏళ్లు కనుమరుగయ్యాయి. ద్రావిడ ఉద్యమ చరిత్రలు ఆయన్ను దాటేశాయి. కోలార్ గనుల బౌద్ధ కుటుంబాలు పాత తమిళన్ సంచికలను పెట్టెల్లో దాచుకున్నారు కాబట్టి, 1999లో జ్ఞాన అలోషియస్ వాటిని సంపుటాలుగా తేగలిగారు. 2005లో తాంబరం సంస్థ జాతికి అంకితమైంది, ఆ ఏడాదే ఆయన పేర తపాలా బిళ్ల వచ్చింది. 2023 డిసెంబరులో చెన్నై గిండీలో స్మారక మండపం తెరిచారు. తెలుగులోకి మాత్రం ఆ సంపుటాలు ఇంకా పూర్తిగా రావాల్సే ఉంది.

తాంబరంలో ఎం.డి. చెబుతున్నారు. కేంద్ర సంస్థ కాబట్టి ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఉన్నాయి. ఆయుష్ కోర్సులంటే మన పిల్లలు ఎంబీబీఎస్ రానప్పుడు ఆలోచించే రెండో దారిగానే చూస్తున్నారు. నీట్ కౌన్సెలింగ్ ఫారాలు నింపే కాలం వచ్చినప్పుడు సిద్ధ, ఆయుర్వేద గడుల దగ్గర ఒక్క నిమిషం ఆగి, మీ ఇంట్లో నాయనమ్మకు ఏ ఆకు తెలుసో, ఏ కట్టు తెలుసో అడగండి.